మ్రింగుట కనబడిన కాలం: నాలుక కదలికల పరిశీలన చరిత్రలో అల్ట్రాసౌండ్

పోతన భాగవతం అష్టమ స్కంధంలో శివుడు హాలాహలాన్ని మింగే పద్యం తెలుగు పాఠకులలో చాలామందికి కంఠస్థం. శివుని ధీరతకు, నిశ్చలతకు ఉదాహరణగానే దాన్ని సాధారణంగా పేర్కొంటాం. అంతటి విషం లోపలికి పోతున్నా ఆయన శరీరం మీద, ఆభరణాల మీద ఏ మార్పూ కనబడలేదన్నది పద్యభావం. అయితే ఆ పద్యం చివరి భాగాన్ని కొంచెం నిదానంగా చదివితే మరొక విశేషం తోస్తుంది. విషాన్ని పిలవడం మొదలుకొని మింగడం దాకా జరిగిన పనిని కవి ఆరు చిన్న పనులుగా విడదీశాడు. అందులో ముద్ద చేయడం వేరు, లోపలికి తీసుకోవడం వేరు, తినడం వేరు, మింగడం వేరు. ముద్దకు ఆయన వాడిన 'కడి' అన్న మాట ఇప్పుడు వాడుకలో బాగా తగ్గిపోయింది. పోతన శరీరశాస్త్రం చెబుతున్నాడని నా వాదన కాదు. బయట ఏ గుర్తూ ఇవ్వని ఒక పని లోపల అంచెలంచెలుగా జరుగుతుందన్న ఎరుక ఆ పద్య నిర్మాణంలో ఉందని మాత్రమే నేననేది.

బయటికి కనబడని ఆ లోపలి పనిని మనిషి ఎప్పుడు, ఏ సాధనంతో చూడగలిగాడన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. వైద్యశాస్త్ర చరిత్రకు చెందిన ఈ ప్రశ్నను తెలుగు శాఖ పరిశోధకుడు ఎత్తుకోవడానికి కారణం ఉంది. మనం ధ్వనిశాస్త్రంలో పాఠంగా చెప్పుకొనే నాలుక, మింగే నాలుక ఒక్కటే. నాలుక ఉచ్చారణను చూడటానికి పుట్టిన సాధనాలు మింగడాన్ని చూడటానికి, మింగడాన్ని చూడటానికి పుట్టినవి ఉచ్చారణను చూడటానికి ఎన్నోసార్లు చేతులు మారాయి. భాషాశాస్త్ర గ్రంథాలు ఈ రాకపోకలలో ఒక సగాన్ని మాత్రమే చెబుతాయి.

స్థానం, కరణం

ఆంధ్రదేశంలో వేదాధ్యయనం ప్రధానంగా కృష్ణ యజుర్వేద తైత్తిరీయ శాఖకు చెందినది. ఆ శాఖ ప్రాతిశాఖ్యం రెండవ అధ్యాయంలో నోటిలోపలి పనిని వర్ణించడానికి రెండు పరిభాషలు ఉన్నాయి. హల్లులలో ఎక్కడ స్పర్శ జరుగుతుందో అది స్థానం, దేనితో స్పర్శ జరుగుతుందో అది కరణం. అచ్చులలో తాకడం ఉండదు గనుక దగ్గరకు చేరడాన్ని బట్టి నిర్ణయం. ట వర్గానికి నాలుక కొనను వెనుకకు చుట్టి మూర్ధస్థానాన్ని తాకించాలని కూడా ఆ గ్రంథం చెబుతుంది. అద్దం గాని, దీపం గాని చేయగల సాయం నోటి ముందు భాగం వరకే. మిగిలినదంతా లోస్పర్శతో, తన నాలుకను తానే గమనించుకొని సాధించిన జ్ఞానం. పాణినీయ శిక్షలో ఆడపులి తన పిల్లలను కోరలతో పట్టుకుపోయే ఉపమానం ఉంది. జారిపోకూడదు, గాటు పడకూడదు. ఒత్తిడి ఎంత ఉండాలో చెప్పడానికి ఆ ఆచార్యులకు కొలత లేదు, ఉపమానం ఉంది.

ఈ పద్ధతి ఉచ్చారణకు సరిపోయింది, మింగడానికి సరిపోదు. వర్ణాన్ని ఎన్నిసార్లయినా పలికి, మధ్యలో ఆపి, నాలుక ఎక్కడుందో చూసుకోవచ్చు. గుటకను మధ్యలో ఆపలేం. ఒకసారి ముద్ద నాలుక మొదలు దాటిందంటే గొంతులోని పని మన ఇచ్ఛతో సంబంధం లేకుండా దాదాపు ఒక సెకనులో ముగిసిపోతుంది. అందువల్ల మన శాస్త్రాల్లో ఆహారం వర్గీకరణ మింగడానికి ముందే ఆగింది. భక్ష్య, భోజ్య, లేహ్య, చోష్య, పానీయాలన్న అయిదు పేర్లూ నిజానికి పదార్థాల పేర్లు కావు. కొరకడం, తినడం, నాకడం, చప్పరించడం, తాగడం అన్న నోటి పనులను బట్టి వచ్చిన పేర్లు. మింగడాన్ని పరీక్షించే నేటి వైద్యులు పలుచని ద్రవం, చిక్కని ముద్ద, నమిలే పదార్థం అంటూ వేర్వేరుగా ఇచ్చి చూస్తారు. పదార్థం మారితే నాలుక పని మారుతుందన్న గ్రహింపు రెండు చోట్లా ఒకటే.

ఇక్కడ మరొక పోలికను ప్రస్తావించాలి. మన వర్ణమాలలో స్పర్శాక్షరాల క్రమం కంఠం నుంచి పెదవుల దాకా నడుస్తుంది: క, చ, ట, త, ప. అది ఊపిరి బయటికి వచ్చే దారి. మింగేటప్పుడు ముద్ద సరిగ్గా దీనికి ఎదురు నడుస్తుంది. పెదవులు మూసుకుంటాయి, నాలుక కొన పళ్ల వెనుక ఆనుకుంటుంది, ఆ తాకిడి మూర్ధం మీదుగా, తాలువు మీదుగా కంఠం వైపు అలలా జరుగుతుంది. ఉచ్చారణలో ఒక వర్ణానికి ఒక స్థానం ఉంటే, గుటకలో నాలుక అన్ని స్థానాలనూ వరుసగా, విడవకుండా ఒత్తుకుంటూ పోతుంది. ఇది నోటి నిర్మాణం నుంచి సహజంగా వచ్చే ఫలితమే. ప్రాచీనులు గుటకను చూసి వర్ణమాలను కూర్చారని దీని నుంచి తేల్చరాదు. కాని స్థానం, కరణం అన్న జంట నిలకడగా ఉన్న స్థితికి పనికివచ్చినంతగా సాగే కదలికకు పనికిరాదని మాత్రం ఇది చూపుతుంది.

దంతవైద్యుని పిండి, బాతు మెడ

ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు ఫ్రాన్స్వా మజాండీ 19వ శతాబ్ది తొలి దశకాలలో మింగడాన్ని మూడు దశలుగా విభజించాడు. నోటిలో ఒకటి, గొంతులో ఒకటి, అన్నవాహికలో ఒకటి. ఆ విభజన నేటికీ పాఠ్యగ్రంథాలలో ఉంది. 1880ల తొలి ఏళ్లలో క్రోనెకర్, మెల్ట్జర్ అన్నవాహికలోకి బుడగను పంపి, దాని మీది ఒత్తిడిని తిరిగే పీపాపై గీతగా నమోదు చేశారు. ద్రవాన్ని నోటి కండరాలు పిచికారీలా వేగంగా లోపలికి కొడతాయని వారి నిర్ణయం. నాలుకను మాత్రం వారూ చూడలేదు, దాని ఫలితాన్ని కొలిచారు.

నాలుక తాకిన చోటును మొదట పట్టుకున్నవాడు భాషావేత్త కాదు, లండన్ దంతవైద్యుడు జె. ఓక్లీ కోల్స్. 1870ల తొలి ఏళ్లలో ఆయన పిండి, జిగురు కలిపి తన అంగిలికి పూసుకొని ఒక్కొక్క ధ్వని పలికి, నాలుక ఎక్కడ తుడిచివేసిందో చూశాడు. తర్వాత కృత్రిమ తాలుఫలకం వచ్చింది. ప్రయోగాత్మక ధ్వనిశాస్త్రం దీన్ని తన సొంత సాధనంగా చేసుకుంది. తెలుగులో దంత్య, తాలవ్య చ, జల భేదం చిన్నయసూరి నాటికే వ్యాకరణ విషయం. అటువంటి భేదానికి తాలుఫలకంపై మిగిలే గుర్తు మంచి సాక్ష్యం. కాని అది జరిగిపోయిన దాని ఆనవాలు. ఇసుకలో అడుగుజాడ చూసి నడకను ఊహించడం వంటిది. మింగేటప్పుడైతే నాలుక అంగిలినంతా తుడిచేస్తుంది, ఏ గుర్తూ విడిగా మిగలదు.

రాంట్జెన్ 1895 చివర ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. ఏడాది తిరిగేసరికి హార్వర్డులో వైద్యవిద్యార్థిగా ఉన్న వాల్టర్ కానన్ ఒక బాతుకు బిస్మత్ కలిపిన మేత పెట్టి, దాని పొడవాటి మెడలో అది దిగడాన్ని ఆ కిరణాలలో చూశాడు. మోజర్‌తో కలిసి ఆయన రాసిన పత్రం 1898లో వెలువడింది. మింగడం జరుగుతుండగానే మనిషి కంటికి కనబడటం ఇదే మొదలు అనవచ్చు. ఈ చూపుకు వెల ఉంది. కానన్ చాలాకాలం చర్మవ్యాధితో బాధపడ్డాడు. తొలినాటి కిరణ ప్రయోగాలే దానికి కారణమని ఆయన జీవితాన్ని పరిశీలించినవారు భావించారు. ధ్వనిశాస్త్రం ఈ సాధనాన్నీ అరువు తెచ్చుకుంది. నాలుక మెత్తని కండ గనుక ఎక్స్ కిరణాలలో దాని అంచు తేటగా రాదు. 1917లో డేనియల్ జోన్స్ ప్రధానాచ్చులను చూపడానికి నాలుక మీద సన్నని సీసపు గొలుసు పరచి ఛాయాచిత్రాలు తీయించాడు. నోట్లో గొలుసుతో అచ్చును పలకవచ్చునేమో, అన్నం మింగలేం.

గడ్డం కింది నుంచి

మనవైపు 'స్కానింగు' అనగానే గర్భిణికి చేసే పరీక్షే గుర్తుకు వస్తుంది. దానికీ నాలుకను చూసేదానికీ సూత్రం ఒకటే. మెగాహెర్ట్జ్‌ల స్థాయిలో ఉండే, చెవికి వినబడని ధ్వనిని శరీరంలోకి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వని పట్టిన కాలాన్ని బట్టి దూరాన్ని లెక్కకట్టడం. మెత్తని కండలో ధ్వనివేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. గడ్డం కింద ఆనించిన పరికరం నుంచి ఆరు సెంటీమీటర్ల పైనున్న నాలుక ఉపరితలానికి వెళ్లి రావడానికి ధ్వనికి దాదాపు 78 మైక్రోసెకన్లు చాలు. నాలుక పైన గాలి ఉంటుంది. కండ నుంచి గాలిలోకి పోవలసిన చోట ధ్వని ముందుకు సాగలేక దాదాపు మొత్తంగా వెనుదిరుగుతుంది. అందుచేత నాలుక పైఅంచు తెర మీద తెల్లని వంపు గీతగా కనబడుతుంది. ఎక్స్ కిరణాలకు లొంగని మెత్తదనమే ఇక్కడ అనుకూలమైంది.

కెల్సీ, మినిఫీ, హిక్సన్ 1969లో ప్రచురించిన వ్యాసం వాక్పరిశోధనలో అల్ట్రాసౌండ్ ఉపయోగాలను చర్చించింది. నాటి పరికరాలతో చూడగలిగింది చాలా తక్కువ. కదలికను కదలికగా చూపే పరికరాలు వచ్చాక, 1981లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన సోనీస్, షాకర్, వారి సహచరులు మాట్లాడేటప్పటి నాలుక కదలికలను చూపారు. రెండేళ్లకే షాకర్, సోనీస్, స్టోన్, బామ్ నలుగురూ కలిసి అదే పద్ధతిని మింగే నాలుకకు అన్వయించారు. ఆ పత్రం వెలువడిన సంవత్సరం 1983.

ఆ సంవత్సరం దగ్గర కాస్త ఆగాలి. ఎక్స్ కిరణాలతో, బేరియం కలిపిన ఆహారంతో మింగుడును పరీక్షించే పద్ధతిని స్థిరపరచిన జెరి లోగమన్ గ్రంథం అదే 1983లో వచ్చింది. హిందీ, తమిళం, తెలుగు మూర్ధన్యాలను ఎక్స్ కిరణ చిత్రాలతో పోల్చిన పీటర్ లడిఫోగెడ్, పేరి భాస్కరరావుల వ్యాసం కూడా 1983 నాటిదే. మూడింటినీ ఒకచోట చదివినవారు తెలుగు శాఖలలో అరుదు. వైద్యశాఖలలో మూడవదాన్ని చదివినవారు ఇంకా అరుదై ఉంటారు. నాలుక చరిత్ర రెండు శాఖల మధ్య చీలిపోయిందనడానికి వేరే ఉదాహరణ అక్కరలేదు.

అల్ట్రాసౌండ్ మింగుడు గురించి కొత్తగా ఏమి చూపింది? పక్క నుంచి చూస్తే, ముద్దను పట్టి ఉంచిన నాలుక ముందుభాగం లేచి అంగిలిని తాకడం, ఆ తాకిడి వెనుకకు జరగడం, దానితో పాటు నాలుక మొదట ఉన్న కంఠాస్థి ముందుకూ పైకీ కదలడం కనబడ్డాయి. ఆ ఎముక తాను స్వయంగా కనబడదు, తన వెనుక నల్లని నీడను వేస్తుంది, పరిశోధకులు ఆ నీడను అనుసరిస్తారు. పరికరాన్ని అడ్డంగా తిప్పితే ఇంకొక దృశ్యం. నాలుక నడుమ గాడి పడి ఉంటుంది. దాని రెండు అంచులూ పళ్ల లోపలి చిగుళ్లను ఆనుకొని దొన్నెలా ముద్దను పట్టి ఉంచుతాయి. ఎక్స్ కిరణాల పక్కచిత్రంలో ఈ గాడి తెలియదు. నాలుకకు ఎముక లేదు, దాని ఘనపరిమాణం మారదు, ఒకచోట నొక్కితే మరొకచోట ఉబుకుతుంది. మన ధ్వనిశాస్త్ర పుస్తకాల్లో శతాబ్దానికి పైగా అచ్చవుతున్న ముఖపు అడ్డకోత బొమ్మ చూసి నాలుకను ఒక పలకలా ఊహించుకున్నవారికి ఈ గాడి మంచి దిద్దుబాటు.

రేడియేషన్ భయం లేనందువల్ల ఒకే మనిషిని పదేపదే చూడటం వీలైంది. పసివారిని, వృద్ధులను చూడటం వీలైంది. బేరియం కలపని మామూలు నీటితో, మామూలు తిండితో చూడటం వీలైంది. 1986లో మింగుడు సమస్యల మీద ప్రత్యేక పత్రిక మొదలైనప్పుడు దాని మొదటి సంపుటంలోనే స్టోన్, షాకర్‌ల అల్ట్రాసౌండ్ పరిశీలన చోటుచేసుకుంది. అయితే ఈ సాధనం ఎక్స్ కిరణాలను తొలగించలేదు, తొలగించలేదు కూడా. ముద్ద దారి తప్పి శ్వాసనాళంలోకి పోతే, అంటే మన మాటలో పొలమారితే, గాలి నిండిన ఆ చోటును అల్ట్రాసౌండ్ సరిగా చూపలేదు. కొందరు రోగులలో దగ్గు కూడా రాకుండా ఆహారం ఊపిరితిత్తుల వైపు జారుతుంది. బయట ఏ గుర్తూ లేకుండా లోపల విషమయ్యే ఆ స్థితిని పట్టడానికి నేటికీ బేరియం పరీక్షో, ముక్కు గుండా పంపే సన్నని కెమెరానో కావలసివస్తుంది.

పరిశోధన వ్యాసంలో సొంత మాటకు చోటు తక్కువే. అయినా ఒకటి చెప్పాలి. పక్షవాతం వచ్చిన తర్వాత మా నాయనమ్మ మాట తడబడటాన్ని ఇంటిల్లిపాదీ మొదటి రోజే గమనించాం. నీళ్లు తాగేటప్పుడు ఆమె తల ఒక పక్కకు వంచుతోందని నెలల తర్వాత గాని ఎవరికీ తోచలేదు. ఆమె 'మింగుడు పడటంలేదురా' అంటే అన్నం సయించడం లేదనుకున్నాం. నచ్చని వార్తకూ ఒప్పుకోలేని తీర్పుకూ ఆ మాటను వాడివాడి, దాని మొదటి అర్థాన్ని వినే అలవాటు మనకు తప్పిపోయింది. భాష చదువుకున్నవాడిని కూడా నేనే గనుక ఈ పొరపాటులో నా పాలు ఎక్కువ.

అంగిలి గీత

ఇప్పుడు ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన మలుపు. అల్ట్రాసౌండ్ నాలుకను చూపుతుంది, అంగిలిని చూపదు. ధ్వని నాలుక పైఅంచు దగ్గరే వెనుదిరుగుతుంది గనుక దాని పైన ఏముందో తెలియదు. కాని అంగిలి తెలియకపోతే నాలుక ఎంత లేచింది, దేనికి ఎంత దగ్గరైంది అని చెప్పడం కుదరదు. ప్రాతిశాఖ్యం మాటల్లో చెప్పాలంటే, ఈ యంత్రానికి కరణం కనబడుతుంది, స్థానం కనబడదు. దీనికి ఉపాయం మింగుడులో దొరికింది. నోట్లో నీరు ఉన్నప్పుడు నాలుకకూ అంగిలికీ మధ్య గాలి ఉండదు. ధ్వని నీటి గుండా సాగి అంగిలిని తాకి తిరిగి వస్తుంది. గుటక వేసేటప్పుడు నాలుక అంగిలినంతా ఒత్తుకుంటూ పోతుంది గనుక, ఆ క్షణాల చిత్రాలను కలిపితే అంగిలి వంపు గీతగా తయారవుతుంది. ఎప్‌స్టైన్, స్టోన్ 2005లో ఈ పద్ధతిని వివరంగా పరిశీలించారు. అప్పటినుంచి ఉచ్చారణను అల్ట్రాసౌండ్‌తో పరిశోధించే చోట్ల వక్త చేత ముందుగా ఒక గుక్క నీళ్లు మింగించడం మామూలైంది.

1981లో మాట కోసం వాడిన పద్ధతి 1983లో మింగుడుకు వెళ్లింది. ఇరవై ఏళ్ల తర్వాత మింగుడు మాటకు కొలబద్ద అయి తిరిగి వచ్చింది. ధ్వనిశాస్త్ర గ్రంథాలు ఈ గుక్క నీళ్లను ప్రయోగ వివరాలలో ఒక వాక్యంగా చెప్పి దాటిపోతాయి. అది అన్యాయమని నా అభిప్రాయం. స్థానాన్ని నిర్ణయించేది ఆ గుటకే గదా.

ట వర్గం దగ్గర

తెలుగుకు సంబంధించిన చిక్కు దీని తర్వాత మొదలవుతుంది. లడిఫోగెడ్, భాస్కరరావులు చూపిన దాని ప్రకారం తెలుగు, తమిళ వక్తలు మూర్ధన్యాలలో నాలుక కొనను బాగా వెనుకకు మడిచి, దాని అడుగుభాగంతో అంగిలిని తాకుతారు. హిందీ వక్తలలో అంత మడత లేదు, నాలుక కొనే తాకుతుంది. రెండింటికీ మనం వాడే పేరు 'మూర్ధన్యం' ఒక్కటే. ప్రాచీన శిక్షాకారులు చెప్పినదాన్ని ఆధునిక యంత్రాలు 'ధ్రువీకరించాయి' అని మన వ్యాసాలలో తరచుగా కనబడే వాక్యాన్ని ఈ కారణంగా కొంచెం ఆచితూచి రాయవలసి ఉంటుంది. చుట్టడం గురించి ప్రాతిశాఖ్యం చెప్పింది నిజమే. ఎంత చుట్టాలో, కొనతోనా దాని అడుగుతోనా అన్నది భాషను బట్టి మారుతుందన్న సంగతి ఆ పరిభాషలో ఇమడదు. 1977లో కలకత్తా భారత గణాంక సంస్థ ప్రచురించిన తెలుగు ధ్వనిశాస్త్ర సంగ్రహంలో కోస్టిచ్, మిత్తర్, భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు ధ్వనులను ప్రయోగదృష్టితో వర్ణించారు. ఆ బాటలో తర్వాతి అడుగులు మనవైపు పలుచగానే పడ్డాయి.

ఇక్కడ అల్ట్రాసౌండ్ ఆదుకుంటుందా అంటే సగమే. నాలుక కొన లేచి వెనుకకు మడిచినప్పుడు దాని కింద గాలి చేరుతుంది. గాలి చేరిన చోట ధ్వని ఆగిపోతుంది. దానికి తోడు దవడ ఎముక నీడ ముందువైపు పడుతుంది. అంటే తెలుగు ట, డ, ణ, ళలకు ప్రాణమైన ఆ కొన కదలికే తెరపై మాయమవుతుంది. మిగిలిన నాలుక నడుము పల్లమవడం, వెనుకభాగం జరగడం కనబడతాయి, వాటి నుంచి కొన స్థితిని ఊహించాలి. కన్నడ ద్విత్వ మూర్ధన్యాల మీద కొచెటోవ్, శ్రీదేవి, వారి సహచరులు 2014లో ప్రచురించిన అధ్యయనం అల్ట్రాసౌండ్‌తో పాటు నాలుకపై చిన్న తీగచుట్టలు అంటించి అయస్కాంత క్షేత్రంలో వాటి కదలికను నమోదుచేసే పద్ధతిని కూడా వాడటానికి గల అవసరం ఇందువల్ల అర్థమవుతుంది. ఒకటి నాలుక వంపు మొత్తాన్ని చూపుతుంది, రెండవది కొన దగ్గరి కొన్ని బిందువులను మాత్రమే చూపుతుంది.

తెలుగుకు ఇటువంటి పని చేయాలంటే కావలసినవి మరీ పెద్దవి కావు. కోస్తా, రాయలసీమ, తెలంగాణ వక్తలు కొందరు, తలనూ పరికరాన్నీ కదలకుండా పట్టి ఉంచే చట్రం ఒకటి, భాషాశాఖ గుమ్మం దాటి వైద్యశాఖ గుమ్మం తొక్కే ఓపిక. వక్త కుర్చీలో కూర్చుంటాడు. గడ్డం కింద పరికరం ఆనుతుంది. ముందు ఒక గుక్క నీళ్లు మింగమంటారు, తెరమీద అంగిలి గీత ఒక క్షణం వెలిగి ఆరుతుంది, దాన్ని గీసి ఉంచుకుంటారు. ఆ తర్వాత 'కళ్లు' అనమంటారు, 'కల్లు' అనమంటారు.